చిట్టి విల్లుతో నిప్పు పుట్టింది

చిట్టీ, నీ విల్లుతో ఈ రోజు నిప్పు పుట్టిందే బిడ్డా!

మా బిడ్డ చిట్టి మమ్మల్ని విడిచిపోయి ఏడాది దాటింది. పోయే ముందు, బడి క్యాంపులో చూసొచ్చి, కట్టెతో కట్టెను రాపిడి చేసి నిప్పు పుట్టిస్తానని వారం రోజులు తిప్పలు పడింది. పొగ వచ్చింది గానీ నిప్పు రాలేదు. అంతలోనే జ్వరం పట్టుకుంది. ఆ విల్లూ పుల్లా చెక్కా, సామానంతా అటక మీదే ఉండిపోయింది.

నెల నుంచి దాన్ని దించి రోజూ పొద్దున నేను పట్టుకుంటున్నాను. విల్లు తాడును పుల్లకు మెలేసి ముందుకూ వెనక్కూ లాగితే, పుల్ల చెక్క మీద గిరగిరా తిరుగుతుంది. ఈ రోజు రాలిన నల్లటి పొడిలో ఎర్రటి చుక్క కనిపించింది. గబగబా దాన్ని కొబ్బరి పీచులో వేసి, వంటింట్లోంచి ఊదుగొట్టం తెచ్చి గట్టిగా ఊదాను. నిప్పూ పొడీ ఎగిరి వాకిట్లో పడ్డాయి.

మా అత్తకు నవ్వు ఆగలేదు. "ఏందే, గదేమన్న తడి కట్టెల పొయ్యా? చిట్టి కంట్ల నలుసు పడితె ఎట్ల ఊదేదానివి? గట్ల ఊదు" అంది.

మళ్లీ మొదలుపెట్టాను. రెక్కలు గుంజాక మళ్లీ చుక్క వచ్చింది. ఈసారి అట్లాగే, మెల్లగా ఊదాను. భగ్గుమంది. దానితోనే పొయ్యి ముట్టించి అన్నం వండాను. చాలా రోజులకు అత్తా నేనూ మాట్లాడుకుంటూ తిన్నాం.

అగ్గిపుల్లతో అయ్యే పనికి నెల రోజులా అని నవ్వుతారేమో, నవ్వండి. మీలో ఎవరైనా ఇట్లా నిప్పు పుట్టించి ఉంటే కింద రాయండి. వేళకు కడుపునిండా అన్నం తినండి.