జీడిపప్పు డ్రయ్యర్‌లో డిస్కో టేపు

2023 వేసవి. కాశీబుగ్గలో నాకు పాత టేపురికార్డర్లు, ఆంప్లిఫయర్లు బాగుచేసే షాపు ఉంది. పదో తరగతితో చదువు ఆగినా, లైబ్రరీలో ఎలక్ట్రానిక్స్ పుస్తకాలన్నీ తిరగేసి ఈ పని నేర్చుకున్నాను. ఆ సంగతి వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాణ్ణి.

ఒకరోజు ఉద్దానం తీరం నుంచి నీలవేణమ్మ అనే పెద్దావిడ వచ్చింది. మత్స్యకారుల ఇంటి మనిషి. స్టీలు డబ్బాలోంచి ఒక రీలు టేపు తీసింది. వయసులో ఉండగా ఆర్కెస్ట్రాలో పాడుతూ, కలకత్తా స్టూడియోలో సోల్, డిస్కో అనే విదేశీ బాణీల్లో నాలుగు డ్యాన్సు పాటలు రికార్డు చేసిందట. అప్పటి డిస్కులు ఎక్కడా మిగల్లేదు. ఇప్పుడు బెంగళూరులో ఒక చిన్న కంపెనీ ఆ పాటల్ని మళ్లీ వినైల్ మీద, అంటే గ్రామఫోన్ డిస్కుగా, తెస్తానంటోంది. టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించి పంపాలి.

"టేపే కొరియర్‌లో పంపెయ్యొచ్చు కదమ్మా" అన్నాను.

"నా కళ్ల ముందే ఉండాల బాబూ." గొంతు ఆపరేషన్ తర్వాత ఆమెకు గుసగుస తప్ప మాట రాదు. "నువ్వు పాటలు పాడినావేటి అని మనవరాలు నవ్వుతాది. నా గొంతు ఇందులోనే ఉంది మరి."

రీలును మెషీన్‌కి ఎక్కించి ఒక్క క్షణం తిప్పాను. కీచుమంది. ఆపేశాను. హెడ్ మీద, అంటే టేపును చదివే భాగం మీద, గోధుమరంగు పొడి అంటుకుంది. ఆ పొడిలోనే పాట ఉంటుంది.

సముద్రపు తేమకు టేపు మీది జిగురు మెత్తబడింది. దీనికి బేకింగ్ చేయాలి. సన్నని వేడిలో గంటల తరబడి ఆరబెడితే జిగురు కొన్నాళ్లపాటు గట్టిపడుతుంది. లైబ్రరీ పుస్తకంలో చదివి నోటుబుక్కులో రాసుకున్నాను: 130 డిగ్రీలు, ఎనిమిది గంటలు.

వేడి నిలకడగా ఉండే యంత్రం మా ఊళ్లో జీడిపప్పు ఆరబెట్టే డ్రయ్యరే. తెలిసిన ఫ్యాక్టరీలో అడిగి, సరుకు లేని రోజు నీలవేణమ్మను రీలుతో సహా తీసుకెళ్లాను. డ్రయ్యర్ చూసుకునే లచ్చమ్మ దాని తలుపు తీసింది. కరెంటు పోతే? రీలు వంకర పోతే? చేతులు తుడుచుకుంటూ వేడి పెంచే నాబ్ పట్టుకున్నాను.

"ఎంత పెడతన్నావు మావా?" అంది లచ్చమ్మ.

"నూట ముప్ఫై."

"ఓలమ్మో! డెబ్బై దాటితేనే పప్పు ఎర్రబడిపోద్ది. నూట ముప్ఫైకి బొగ్గే. నీ పిలాస్టిక్కు నిలుత్తాదేటి?"

"పుస్తకంలో ఉంది. చదివే వచ్చాను."

"రాసినోడు ఏ పొయ్యి కాడ నిలబడి రాసినాడో అడిగినావేటి?"

నీలవేణమ్మ రీలును గుండెకు హత్తుకుని రెండడుగులు వెనక్కి వేసింది. నేను లైబ్రేరియన్‌కు ఫోన్ చేసి ఆ పేజీ చదవమన్నాను. "నూట ముప్ఫై ఫారన్‌హీట్" అన్నారాయన. డ్రయ్యర్‌లో ఉన్నది సెల్సియస్. లెక్క కడితే యాభై నాలుగు. నాబ్‌ను అక్కడికి తిప్పాక, నీలవేణమ్మ రీలును తన చేత్తోనే లోపల పెట్టింది.

సాయంత్రం దాకా లచ్చమ్మ థర్మామీటర్ దగ్గరి నుంచి కదల్లేదు. మర్నాడు, టేపు పూర్తిగా చల్లారాక, షాపులో ముగ్గురం కూర్చున్నాం. ప్లే నొక్కాను. డ్రమ్ము, దాని వెనక బేస్ గిటార్, ఆ మీద ఒక పడుచు గొంతు.

"ఓలప్పా, ఇది నువ్వేనేటి!" అంది లచ్చమ్మ.

నీలవేణమ్మ పెదవులు పాటతో పాటు కదులుతున్నాయి. శబ్దం లేదు. నాలుగో పాట కంప్యూటర్‌లోకి ఎక్కేదాకా నేను టేపు మీంచి చూపు తిప్పలేదు.

డిస్కులు వచ్చాక ఒకటి నాకివ్వడానికి వచ్చి నీలవేణమ్మ అడిగింది, "ఆ రోజు లచ్చమ్మ లేకపోతే ఏటయ్యేది బాబూ?"

"టేపు పనికిరాకుండా పోయేదమ్మా."

"నీకు భయమెయ్యలేదా?"

వేసింది. కరెంటు పోతుందని భయపడ్డాను, తేమకి భయపడ్డాను, రీలు వంకర పోతుందనీ భయపడ్డాను. ఆ అంకె మీద మాత్రం రవ్వంత అనుమానం రాలేదు, దాన్ని నేను చదివి తెలుసుకున్నాను కాబట్టి. ఇప్పుడు పుస్తకంలో చదివిన ఏ పనైనా మొదలుపెట్టే ముందు, ఆ పని రోజూ చేసేవాళ్లకు పైకి చదివి వినిపిస్తాను. వాళ్లు నవ్వితే ఆగిపోతాను.