మా ఊరి డాక్టరు దవాఖానకు వచ్చిన రోజు

మా ఊళ్లో అందరూ డాక్టర్ మామ అని పిలిచే మనిషి అసలు డాక్టరు కాడు, ఆరెంపీ. వయసులో ఉన్నప్పుడు పట్నంలో ఎవరి దగ్గరో కాంపౌండరుగా పనిచేసి, ఒక తోలు సంచీ, ఒక స్టెతస్కోపు పట్టుకుని ఊరికి తిరిగొచ్చాడు. ఊళ్లో సర్కారు నర్సమ్మ వారానికి ఒకరోజు వచ్చేది. పెద్ద దవాఖానకు పోవాలంటే రెండు బస్సులు మారాలి. కాబట్టి జ్వరమొచ్చినా, నడుము పట్టేసినా మామే దిక్కు. ఆయన స్కూటరు చప్పుడు వినబడితే చాలు, పిల్లలం గడ్డివాము వెనక దాక్కునేవాళ్లం. సూది వేసే ముందు “చీమ కుట్టినట్టు ఉంటది, అంతే” అనేవాడు. అంత పెద్ద చీమను నేను ఇప్పటికీ చూడలేదు.

నేను యూనివర్సిటీ హాస్టల్లో ఉండి పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు, ఒక పొద్దున ఆ మామ దగ్గర నుంచి ఫోన్ వచ్చింది.

“అల్లుడా, తార్నాక చౌరస్తల ఉన్న. జల్ది రా. ఊర్ల ఎవ్వలికి చెప్పకు.”

వెళ్లి చూస్తే, మండే ఎండలో తలకు మఫ్లర్ చుట్టుకుని, కళ్లు మాత్రం బయట పెట్టి, బస్టాపులో స్తంభం చాటున నిలబడి ఉన్నాడు. ఎవరికీ కనబడొద్దని అట్లా చేశాడు. బస్టాపులో ఉన్నవాళ్లంతా ఆయననే చూస్తున్నారు. ఒక కాలికి బూటు, ఇంకో కాలికి కట్టు, దాని కింద హవాయి చెప్పు.

“ఏమైంది మామా?”

“చిటికెన వేలికి ముల్లు గీసుకపోయింది. రెండు నెలలాయె. మానుతలేదు.”

“మరి మందు నువ్వే ఇచ్చుకున్నవ్ కద?”

“అందుకే మానుతలేదు గావచ్చు,” అన్నాడు నిజాయితీగా.

పట్నంలో మీటింగ్ ఉందని ఊళ్లో చెప్పి వచ్చాడట. డాక్టరే దవాఖానకు పోయాడని తెలిస్తే రేపటి నుంచి తన గడప ఎవరు తొక్కుతారని ఆయన బెంగ. నాకు జాలి కలగాల్సింది. కానీ చిన్నప్పటి సూదులన్నీ గుర్తొచ్చి లోపల్లోపల నవ్వొచ్చింది. మెస్సులో ఇడ్లీ తినిపించి, బస్సెక్కించి, సర్కారు దవాఖానకు తీసుకుపోయాను.

అక్కడ మగవాళ్ల లైను ఒకటి, ఆడవాళ్లది ఒకటి, పక్కపక్కనే ఉన్నాయి. మేము సగం దూరం జరిగేసరికి, పక్క లైనులో ముఖం నిండా కొంగు కప్పుకున్న ఒకామె మామను చూసి గిరుక్కున అటు తిరిగింది. మామ ఆమెను చూసి ఇటు తిరిగాడు. ఆ తిరగడంలోనే ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టేశారు.

ఆమె మా ఎదురింటి పెద్దమ్మ. ఏడాదిగా ఆయాసమంటే మామ గ్యాస్ బిళ్లలు ఇస్తున్నాడు. ఆయనకు తెలియకుండా పెద్ద డాక్టరుకు చూపించుకుందామని, పట్నంలోనే మౌలాలిలో ఉన్న కూతురింటికి పోయి గుట్ట మీది దర్గా చూసొస్తానని చెప్పి బయలుదేరిందట. ఆయాసమున్న మనిషి గుట్టెక్కుతానంటే మామ నమ్మాడు. దారిలో వేసుకోమని ఇంకో నాలుగు గ్యాస్ బిళ్లలు కూడా ఇచ్చి పంపాడు.

“నువ్వేంది డాక్టరూ గీడ?” అంది పెద్దమ్మ, ఇక తప్పక.

“లోపల నా దోస్తు ఒక డాక్టరున్నడు. కలిసిపోదామని వచ్చిన. నువ్వో?”

“నా బిడ్డకు తోడొచ్చిన.”

బిడ్డ అక్కడెక్కడా లేదు. దోస్తును కలవడానికి వచ్చిన మామ చేతిలో ఓపీ చీటీ ఉంది. ఇద్దరూ ఒకరి చీటీ ఒకరు చూసుకుని, ఏమీ చూడనట్టు గోడ మీది పోస్టర్లు చదివారు.

రెండు లైన్లూ పోయేది ఒక్క గదిలోకే. లోపల ఒక చిన్న వయసు డాక్టరమ్మ మామ కాలి కట్టు విప్పించి చూసింది. వేలు నల్లబడి ఉంది. నాకు నవ్వు అక్కడితో ఆగిపోయింది.

“ఇన్ని రోజులు ఎవరికి చూపించారు?”

మామ నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

“మా ఊర్ల ఒక ఆరెంపీ ఉన్నడు మేడం.”

“ఏం మందులిచ్చాడు?”

మామ వరసబెట్టి మందుల పేర్లన్నీ తడుముకోకుండా చెప్పాడు. డాక్టరమ్మకు కోపమొచ్చింది. “ఒక్కసారైనా షుగర్ చూశాడా? చదువూ లేదు, భయమూ లేదు. ఇలాంటివాళ్ల చేతుల్లో కాళ్లు పోతున్నాయి.”

“నిజమే మేడం. వానికి తెలివి లేదు,” అన్నాడు మామ తలవంచుకుని.

వెనక నిలబడ్డ పెద్దమ్మ ఊరుకోలేకపోయింది. “గట్లనకు బిడ్డా. నా బిడ్డ నొప్పులు పడుతుంటే వానల స్కూటర్ మీద వాగు దాటించింది వాడే. మాకు ఇంకెవలున్నరు గాడ?”

డాక్టరమ్మ పెద్దమ్మ వైపు తిరిగింది. “అది మంచిపనే అమ్మా. కానీ తెలియనప్పుడు తెలియదని చెప్పి ఇక్కడికి పంపాలి కదా,” అని, రక్తం తీయమని నర్సుకు చెప్పింది.

సూది చూడగానే మామ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఊరందరికీ సూదులేసిన మనిషి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. పెద్దమ్మ వంగి, “చీమ కుట్టినట్టు ఉంటది డాక్టరూ, అంతే,” అంది. నర్సుకు ఆ మాటలో ఉన్న కసి అర్థం కాలేదు. నేను కిటికీ వైపు తిరిగి దగ్గినట్టు నటించాను.

షుగర్ బాగా ఎక్కువగా ఉంది. తనకు అనుమానం ఉండేదని మామ నాతో తర్వాత చెప్పాడు. “తెలిస్తే మందులు మింగాలె కద అల్లుడా. అందుకే చూసుకోలే.” చిటికెన వేలు తీసేశారు. కాలు దక్కింది. ఇంకో నెల ఆలస్యమైతే కాలూ దక్కేది కాదన్నారు. పెద్దమ్మది గ్యాస్ కాదు, బీపీ. గుండె మీద కూడా భారం పడిందని రోజూ వేసుకోవడానికి బిళ్లలు రాశారు.

నా ముందే ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. నీ సంగతి నేను చెప్ప, నా సంగతి నువ్వు చెప్పకు. మూడో రోజుకల్లా అమ్మ ఫోన్ చేసి, “మామకు వేలు తీసిండ్రట కదరా?” అంది. పెద్దమ్మను అడిగితే, “నేనెవ్వలికి చెప్పలే. నా బిడ్డకు ఒక్కదానికే చెప్పిన,” అంది.

మామ భయపడ్డట్టు ఊరు ఆయనను వదిలెయ్యలేదు. వదిలేసి ఎక్కడికి పోతుంది? కాకపోతే జనం మాట మారింది. డాక్టరుకే దవాఖాన అవసరమైతే మనకెందుకు వద్దని కొందరు బస్సెక్కారు. మామ కొందరిని తనే ఎక్కించాడు. నా నంబరు చీటీ మీద రాసిచ్చి మరీ పంపేవాడు. నా థీసిస్ ఆలస్యం కావడానికి కారణాలు చాలా ఉన్నాయి కానీ, గైడుకు మాత్రం ఇదే చెప్పాను.

ఆర్నెల్ల తర్వాత మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు, మామ సంచిలోంచి షుగర్ చూసే కొత్త మిషను తీశాడు. మెస్సులో భోజనాలప్పుడు, వద్దంటున్నా వినకుండా, మా బల్ల దగ్గరున్న వాళ్లందరి వేళ్లూ గుచ్చాడు. అన్నం వడ్డించే అన్న కూడా సరదాగా వేలు చాపాడు. మిషను చూసి మామ ముఖం మారింది. మిషనులో కొత్త పట్టీ పెట్టి ఇంకోసారి చూశాడు.

“నువ్వు రేపు పొద్దుగాల దవాఖానకు పో. ఏం తినకుండ పో,” అన్నాడు.

“మీరే ఏదైనా గోలీ ఇయ్యరాదు సార్?” అన్నాడు ఆ అన్న.

“ఇయ్య,” అని మామ మిషను సంచిలో పెట్టి, పప్పు గిన్నె తన వైపు లాక్కున్నాడు.