ఆమె చదివే పుస్తకం పేరు

ఏడో తరగతితో బడి మానేసిన నేను నాలుగు మంచి పుస్తకాలు చదివానంటే, ప్రొద్దుటూరులో మా వీధి చివర దాతలు నడిపే చిన్న గ్రంథాలయమే కారణం. మధ్యాహ్నం నేను పనిచేసే బట్టల అంగట్లో బేరాలు పలచబడగానే అక్కడికి పరుగెత్తేవాణ్ణి. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో రాసే రిజిస్టరు తిరగేసి, తర్వాత ఏది చదవాలో ఎంచుకునేవాణ్ణి. గ్రంథాలయం చూసుకునే ఆమె దాని మీద దినపత్రిక కప్పేసేది. "ఒకరు సదివేది ఇంకొకరికెందుకప్పా" అనేది. పొగరనుకున్నాను; ఆమె అటు తిరగ్గానే మళ్లీ తిరగేసేవాణ్ణి.

ఒకరోజు ఒక పెద్దాయన వచ్చాడు.

"మా తమ్ముని పెండ్లాము ఈడికి వస్తాందంట. ఏం పుస్తకాలు తీసుకపోతాందో ఆ రిజిస్టరు సూపీమ్మా."

"సూపియ్యను మామా."

"ఏంది, ఆయమ్మి సదివేది దేశ రహస్యమా?"

"మీ ఇంట్లో మనిషే గదా, ఆయమ్మినే అడుగుపో."

నేను ఊరుకోవలసింది. కానీ ఆ గదిలో ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో నాకు తెలియదంటే నామోషీ.

"గృహహింస చట్టం పుస్తకం మామా. పది దినాలాయ. దానికోసం నేనూ కాసుకోనుండా" అన్నాను, గర్వంగా.

మూడో రోజు ఆయన ఆ పుస్తకం తెచ్చి బల్ల మీద విసిరాడు. వెంట గ్రంథాలయ కమిటీ పెద్ద. ఇకనుంచి ఇంటి మగవాళ్లు అడిగితే రిజిస్టరు చూపించాలన్నాడు. చూపించనన్నందుకు ఆమెను అక్కడికక్కడే పనిలోంచి తీసేశాడు. ఒకరి చదువు మీద కాపలా కాయడానికి వీళ్లెవరు? తప్పు నాది, నా సభ్యత్వం తీసేయమని అరిచాను.

"నువ్వు మంచి పనే సేసినావప్పా" అని కమిటీ పెద్ద నా భుజం తట్టాడు. తట్టిన చోటు ఇప్పటికీ మండుతోంది.

ఆ వారమే బస్టాండులో, పులివెందుల బస్సు దగ్గర, ఆ పెద్దాయన తమ్ముని భార్య కనిపించింది. చేతిలో ఒక సంచి. పుట్టింటికి పంపేశారట. నా నోటివల్లే ఇదంతా అని చెప్పాను.

"తెలుసులేన్నా. దెబ్బలకు కట్టు కట్టించుకున్న ఆస్పత్రి చీట్లన్నీ దాచిపెట్టుకున్యా. ఆ పుస్తకం సూసినాక ఇంట్లో ఎతికి కాల్చేసినారు. ఇంగ ఏం సూపిచ్చి కేసు పెట్టాల?"

"నేను సాక్ష్యం చెప్తామ్మా. పుస్తకం సంగతి, ఆయన అడిగింది, అంతా."

"నువ్వా?" అంది. "నువ్వు నోరు తెరిచింది సాల్లేన్నా."

బస్సెక్కి, అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చుంది.