వేపచెట్టుకు పర్మిషన్

మన తోటలో మన చెట్టును మనం కొట్టుకోవడానికి సర్కారు అనుమతి కావాలని నాకు యాభై ఏళ్లు దగ్గరపడేదాకా తెలియదు. హనుమకొండలో మా ఇంటి చుట్టూ అరెకరం తోట ఉంది. మా మామయ్య కొన్నప్పుడు అది ఊరి బయట ఉండేది. ఇప్పుడు నాలుగు వైపులా ఇళ్లు వచ్చేశాయి, తోట మాత్రం అట్లాగే మిగిలింది.

పోయిన వానాకాలం గాలికి మూలనున్న వేపచెట్టు వేళ్లు కదిలి, ప్రహరీ మీదుగా అవతలికి ఒరిగింది. అవతల ఉన్నది ఒక రేకుల ఇల్లు. జాకెట్లు కుట్టుకుని బతికే ఒక అక్క అందులో ఒంటరిగా ఉంటుంది. చెట్టు పడితే నేరుగా ఆమె మంచం మీదే పడుతుంది. నేను చూడకపోలేదు. చూసి కూడా, ఎండాకాలంలో చూద్దాంలే అని వదిలేశాను.

ఎండాకాలం సగమయ్యాక చెట్లు కొట్టే అతన్ని పిలిస్తే, గొడ్డలి ఎత్తకముందే ఫారెస్టోళ్ల కాగితం చూపించమన్నాడు. సొంత జాగాలోదైనా వేపను ఊరికే కొడితే జుర్మానా పడుతుందట. నాకు ఒళ్లు మండింది. మా వీధిలో నా నోటికి పేరుంది, ఆ రోజు దానికి న్యాయం చేశాను. అతను తాపీగా బీడీ ముట్టించుకుని వెళ్లిపోయాడు.

ఇక దరఖాస్తు, ఇంటి కాగితాల జిరాక్సులు, చెట్టు ఫొటోలు, కొట్టినదానికి బదులు మొక్కలు నాటుతామని రాసిచ్చిన కాగితం. ఆఫీసు చుట్టూ తిరిగి చెప్పులరిగాక, రేపు సార్ వచ్చి చెట్టును చూస్తాడని కబురొచ్చింది. ఆ మాట ఇంట్లో చెప్పడమే నేను చేసిన పొరపాటు.

మా అత్తమ్మ దృష్టిలో ఫారెస్టు సార్లంటే చెట్లు కొట్టేవాళ్లు. రేపే కొట్టేస్తారనుకుని, పొద్దుగూకకముందే మొదలుకు పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, తప్పు కాయమని వేపను వేడుకుంది. పచ్చని చెట్టుకు చెప్పకుండా గొడ్డలి పెట్టకూడదని వాళ్ల ఊళ్లో ఆనవాయితీ. నేను తెల్లారి చూసేసరికి చెట్టు బోనాలకు తయారైనట్టు నిలబడి ఉంది. కడిగేద్దామని బకెట్ తెచ్చేలోపే గేటు ముందు బండి ఆగింది.

సార్ టేపుతో చుట్టుకొలత తీయబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మేడం, ఇది పోచమ్మ చెట్టు లెక్కున్నది. నేను సంతకం పెట్టినంక ఎవరన్న లొల్లి చేస్తే నా నౌకరీకి తిప్పలు."

పూజ నిన్నటిదేనని అత్తమ్మ ఒట్టు పెట్టింది. సార్ ఆమె మాట నమ్మేవాడే కానీ, ప్రహరీ పక్కకు వెళ్లి, గోడ మీదికి ఒరిగిన మాను అవతలి వైపు తొంగి చూశాడు. అక్కడ పసుపు పొరలు పొరలుగా ఎండి ఉంది. కుంకుమ పాతబడి నల్లగా మారింది. వాడిన బంతిపూలు గోడ మీద కుప్పగా ఉన్నాయి. అది మా అత్తమ్మ పని కాదు. మాకు తెలియకుండా గోడ అవతలి నుంచి నెలల తరబడి ఎవరో పెడుతున్నారు.

మా మాటలు విని అక్క మెడలో టేపుతో బయటికి వచ్చింది. ఇది మీరు మొక్కే చెట్టా అని సార్ అడిగాడు. ఆమె నావైపు ఒకసారి చూసి, తలదించుకుని చెప్పింది.

"రోజూ మొక్కుతాన సార్. గాలి లేచినప్పుడు నా రేకుల మీద పడకు తల్లీ అని."

సార్ మళ్లీ టేపు తీశాడు. కొలత తీసుకుని, ప్రాణానికి ముప్పు ఉంది, వెంటనే కొట్టాలి అని రాసుకున్నాడు. వారంలో కాగితం చేతికొస్తుందని చెప్పి వెళ్లిపోయాడు. అత్తమ్మ చాయ్ పెడతానంటూ లోపలికి పోయింది. గోడకు ఇటు నేను, అటు అక్క మిగిలాం.

ఇన్ని నెలలు భయపడుతూ పడుకున్నదానివి, నాకొక్క మాట చెబితే ఏమయ్యేదని అడిగాను. ఆ అడగడం కూడా కోపంగానే అడిగాను.

"నీకు చెప్తే ఏమంటవో అని భయమైంది చెల్లె," అంది అక్క. "చెట్టుకైతే చెప్పుకోవచ్చు గదా."