హరి సార్ ‘హై’ అంటే

ఈ ఉదయం వేపచెక్కకు చిత్రిక పట్టగానే చేదువాసన గుప్పుమంది. హరి సార్ గుర్తొచ్చారు. అసలు పేరు హరువో. జపాన్‌లో పేరుమోసిన కుర్చీల డిజైనరు. అక్కడ ఆయన పనిమీద పుస్తకాలే ఉన్నాయట. వయసు మళ్లాక రాప్తాడు దగ్గర షెడ్డు వేసుకుని స్థిరపడ్డారు. కారణం మా వేప. వానల్లేని నేలలో చెట్టు నిదానంగా పెరుగుతుందని, కర్రకు చేవ ఎక్కువని మురిసిపోయేవారు. మేము దేనికి ఏడుస్తామో ఆయన దానికే సంతోషపడేవారు. నేను పని నేర్చుకున్నది ఆయన దగ్గరే.

ఏది అడిగినా తల ఊపుతూ ‘హై’ అనేవారు. ఉర్దూ వింటూ పెరిగిన మాకు అది ‘ఉంది’ అన్నట్టే వినపడేది. “మేకులుండాయా సార్?” అంటే “హై.” వెతికితే ఒక్కటీ ఉండేది కాదు.

మా అమ్మ ధర్మవరంలో ఊహ తెలిసినప్పటినుంచి గుంతమగ్గం మీద పట్టుచీరలు నేసింది. గుంతలోకి కాళ్లు వేసి, ముందుకు వంగి కూర్చునీ కూర్చునీ నడుము అలాగే బిగుసుకుపోయింది. ఏ కుర్చీలోనూ నిమిషం కూర్చోలేకపోయేది. చుట్టాలొస్తే గోడకానుకుని నిలబడేది. ఆమె హాయిగా కూర్చునే కుర్చీ ఒకటి చేయాలన్నదే నా కోరిక. చేసి సార్‌కు చూపించాను.

“బాగుండాదా సార్?”

“హై.”

సంబరంగా ఇంటికి మోసుకెళ్లాను. అమ్మ ఇలా కూర్చుని అలా లేచింది. “నడుము పట్టేస్తాండాది పాపా” అంది. నాకు ఒళ్లు మండింది. మర్నాడు పొద్దున్నే సార్ మీద పడ్డాను.

“బాగుండాదంటిరి కదా సార్?”

ఆయన బిత్తరపోయారు. “మా భాషలో హై అంటే వింటాండానని. కుర్చీ బాగుండాదో లేదో నాకేం తెలుసమ్మా? మీ అమ్మను చూడాల.”

ఆ రోజే ధర్మవరం వచ్చి, మగ్గం పక్కన చాపమీద కూర్చుని పొద్దంతా చూశారు. అమ్మకు విసుగొచ్చింది. “ఏమప్పా, ఊరికే చూస్తాండావు, ఈడ కూచుంటావా?”

“హై” అన్నారు సార్. ఇంకేముంది, అమ్మ లేచి ఆయన్ను గుంతలోకి దింపింది. నేను నవ్వాపుకోలేక చచ్చాను. ఆయన మాత్రం కళ్లు మూసుకుని చాలాసేపు కాళ్లాడించి, “సీటు ముందుకు వాలాల. కాళ్లు తన్నిపెట్టుకోను అడ్డకర్ర ఉండాల” అన్నారు.

ఇద్దరం కలిసి చేసిన కుర్చీలో అమ్మ కూర్చుని, కాఫీ తాగి, పక్కింటామెతో ఊరి కబుర్లన్నీ అయ్యేదాకా లేవలేదు. ఆ రోజు నా ఆనందం ఇంతా అంతా కాదు. ఇప్పటికీ ఎవరు కుర్చీ అడిగినా, ముందు వాళ్లు పనిచేసే చోటికెళ్లి కూర్చుంటాను.

సార్ పోయాక, ఆయన చేసినవన్నీ ప్రదర్శనకు పెడతామని జపాన్ నుంచి మనుషులొచ్చారు. అమ్మ కుర్చీ చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకుని, ఇస్తారా అని అడిగారు. అమ్మ అందులోనే ఉంది.

“నేను కూచొనుండా కదప్పా” అంది, లేవకుండానే.