హోరు ఆగిన ఇల్లు

నగరం మధ్య నదికి అడ్డంగా కట్టిన ఆనకట్టకు గేట్లు ఎత్తి దించే లస్కరుగా అతను ముప్పై ఏళ్లు పనిచేశాడు. కాపురం గట్టు మీది రెండు గదుల్లోనే. నీళ్లు దూకే హోరులో బతికిన దంపతులు కనుక, మాట్లాడుకోవడమంటే వాళ్లకు కేకలు వేసుకోవడమే. ఆమె అన్నానికి పిలిస్తే అవతలి ఒడ్డువాళ్లు చేతులు కడుక్కునేవారని తోటివాళ్లు నవ్వేవారు.

ఆనకట్ట తొలగించే ప్రతిపాదన వచ్చినప్పుడు అతను ఎదురు చెప్పలేదు. ఏటా ఎదురీదుతూ వచ్చిన చేపలు గేట్ల కింద తలలు బాదుకొని చావడం, పైన నిలిచిన నీరు కుళ్లడం కళ్లారా చూసినవాడు. బహిరంగ విచారణలో లేచి, "తీసేయండి. దీనివల్ల నది చస్తోంది," అన్నాడు.

ఆమె మాత్రం ఊరుకోలేదు. "కూర్చున్న కొమ్మే నరుక్కున్నారు. రేపు మీ చేపలే వచ్చి వండిపెడతాయిలెండి!"

ఆఖరి గోడ కూల్చిన మధ్యాహ్నం హోరు ఆగింది. అతను ఇంట్లోకి వస్తూనే అలవాటుగా కేకేశాడు, వంటగదిలోంచి ఆమె కూడా.

పక్కింటి కుర్రవాడు కిటికీలోంచి తొంగి చూశాడు. "ఏం బాబాయ్, పిన్నితో పోట్లాటా?"

ఇద్దరూ సిగ్గుపడి గొంతు తగ్గించారు. అప్పుడు వంటగదిలోంచి ఆమె దగ్గు వినిపించింది. పేగులు పెకలించుకొచ్చే దగ్గు, దాని వెనకే పిల్లికూతలు.

"ఎన్నాళ్లనుంచే ఇది?"

"పోయిన వానలనుంచి. రాత్రిళ్లు మీకు డ్యూటీ. పగలు దగ్గు వస్తే పెరట్లోకి పోయేదాన్ని."

"నాకేమన్నా చెవుడా?"

"మీకు కాదు, ఇంటికి."

ఊపిరితిత్తి చాలావరకు చెడిందని, ముందే రావలసిందని డాక్టరు అన్నాడు. గట్టు మీది తేమ కారణం కావచ్చు, కాకపోవచ్చు, రుజువు లేదన్నాడు. అతను కూడా ఆనకట్టను తిట్టలేదు. హోరు చెవులనే మూసింది. ఆమె చిక్కిపోవడం చూడవలసిన కళ్లు తనవే. మళ్లీ వానలు రాకముందే ఆమె వెళ్లిపోయింది.

నదిని పరిశీలించే బృందం అతనికి చేపల రాకను గమనించే పని ఇచ్చింది. కొత్త నీటికి ఒక వెండి గుంపు పాత గోడ ఉన్నచోట క్షణం తటపటాయించి, పైకి దాటింది.

అతను గిరుక్కున ఇంటివైపు తిరిగి గొంతు చించుకున్నాడు. "ఏమే! దాటాయే!"

పక్కనున్న సర్వే అమ్మాయి ఉలిక్కిపడింది. అవతలి ఒడ్డున ఎవరో తలెత్తి చూశారు.

"ఎవరిని పిలిచారు తాతా?"

అతను మళ్లీ నీటివైపు తిరిగాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "రాసుకో అమ్మా. పైకి దాటాయి."