గోడవైపు తిరిగే రూమ్మేట్

విజయనగరంలో నా రూమ్మేట్‌కి ఒక మర్యాద ఉండేది. ఎవరైనా పాస్‌వర్డ్ కొడుతుంటే గోడవైపు తిరిగి నిలబడేవాడు. ఫైనలియర్ ప్రాజెక్టుకి ఇద్దరం జావాలో మెయిల్ చదివే ప్రోగ్రాం రాశాం. అతని ల్యాప్‌టాప్‌లో నా అకౌంట్‌తోనే పరీక్షించాం.

"కొట్టు బావా, నాను సూడను," అన్నాడు గోడతో.

పాస్‌వర్డ్ ఒక్కసారి కొడితే చాలు. ఆ తర్వాత జావా లైబ్రరీ తెచ్చిపెట్టిన టోకెనే, పాస్‌వర్డ్‌కి బదులుగా, నా మెయిల్ తలుపు తీస్తుంది. ఆ టోకెన్‌ని అతని ల్యాప్‌టాప్‌లో భద్రంగా దాచే కోడ్ రాసింది నేనే. బాగా రాశాను కూడా.

తర్వాత ఇద్దరం ఒకే ఉద్యోగానికి అర్జీ పెట్టాం. ఖాళీ ఒకటే. ఇంటర్వ్యూ చెప్పిన తేదీకి ఒకరోజు ముందే పెడుతున్నారని నాకూ మెయిల్ వచ్చింది. అప్పటికే తెరిచి ఉండటంతో పాతదేననుకుని వదిలేశాను. తెరిచింది అతని ల్యాప్‌టాప్‌లోని మా ప్రోగ్రామే. ఉద్యోగం అతనికి వచ్చింది. నేను పాత తేదీకే ఇస్త్రీ చొక్కాతో వెళ్ళి, అక్కడి వాచ్‌మన్‌తో మాట్లాడి వచ్చాను.

"నా మెయిల్ సదివీసి సెప్పనేదేట్రా?"

"నీ పాస్‌వర్డ్ నాకు తెల్దు బావా, ఒట్టు."

అదీ నిజమే. ప్రోగ్రాంకి ఇచ్చిన అనుమతి తీసేద్దామని అతని ముందే నా అకౌంట్ తెరిచాను. పాస్‌వర్డ్ అడిగింది.

అతను మర్యాదగా లేచి గోడవైపు తిరిగాడు.